మా మేస్త్రి పెట్టని సంతకం

నాలుగేండ్ల సంది ఒక కాయితం నా కడుపుల మండుతున్నది. ఆ కాయితంల మా మేస్త్రి తెలిసి అబద్ధమాడిండని రాసి ఉన్నది. ఆ రాత కొట్టెయ్యకముందే ఆయన పోయిండు. మొన్న ఆదివారం పొద్దుగాల, గద్వాలల తన ఇంట్ల, ఛాయ గిలాస చేతిల పట్టుకోనే పోయిండు. ఫోను మా వదినె చేసింది. "మీ అన్నకు దగ్గు ఆగింది" అన్నది. మంచిదే గదా వదినె, అన్న నేను. "గిలాస ఇంగ చేతిలనే ఉన్నది" అన్నది. అప్పుడు సమజైంది నాకు.

మేస్త్రి నాకు తోడబుట్టినోడు గాదు, పనిల అన్న. ఆయన బిడ్డ దినాల నాడు ఒక చిన్న పుస్తకం అచ్చేసి పంచాలనుకున్నది. "కాకా, నాయిన గురించి నాలుగు మంచి మాటలు నువ్వే రాయాలె" అని నా చేతులు పట్టుకున్నది. మంచి మాటలే రాస్త. నేను నాలుగో తరగతి కాడ బడి ఇడిసినోన్ని. అచ్చరాలు వంకర పోతే అచ్చేసేటోడు సక్కగ చేసుకుంటడు. నా మాటను వంకర చేస్తే మాత్రం ఊకోను.

మా పని పాత జరీ చీరెలు కొనుడు. ఇప్పటోళ్లకు తెల్వదు గని, ఒకప్పుడు గద్వాల చీరెల జరీ అంటే వెండి పోగే. చీరె చినిగినా వెండి యాడికి పోదు. నేను సైకిలు మీద ముందట ఒర్రుకుంట పోయెటోన్ని, ఆయన వెనుక సైకిలు మీద తరాజు కట్టుకోని వచ్చెటోడు. వడ్డేపల్లి దిక్కు, పెబ్బేరు దిక్కు మేము తిరగని గల్లీ లేదు. ఇంటికొచ్చినంక అంచులు కత్తిరిచ్చి, మట్టి మూకుట్ల పెట్టి కాల్చెటోడు. ఆ బూడిద కడిగితే అడుక్కు వెండి దిగుతది. అంచు పోయిన పట్టుగుడ్డను మల్లొక్కసారి ఊరికి పోయినప్పుడు ఆ ఇంటామెకే ఇచ్చెటోడు. "బిడ్డకు లంగ కుట్టియ్యి తల్లీ" అనెటోడు. నేను గులిగెటోన్ని. ఆయన ఇనెటోడు గాదు.

పెబ్బేరుల ఒకామె తన పెండ్లి చీరె తెచ్చింది. మేస్త్రి అంచుల నుంచి ఒక్క పోగు గుంజి, అగ్గిపుల్ల గీసిండు. "ఆగు తల్లీ, నిప్పును అడుగుదాం" అన్నడు. ఆయనకు అది ఊతపదం. పోగు ముడుచుకోని చుక్క లెక్క కారింది.

"ఇది ప్లాస్టికు. నేను కొన. కట్టుకో, మంచిగ మెరుస్తది" అన్నడు.

"మా అత్త వెండి అని చెప్పింది మరి" అన్నదామె.

"మీ అత్తను గూడ తోల్కరా. నిప్పును అడుగుదాం."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వింది. గసోంటి మనిషి ఆయన. ఎదుటోని మనసు నొచ్చకుంట నిజం చెప్పుడు ఆయనకు వస్తది. నాకు ఈ వయసుకు గూడ రాలే.

ఇంగొక అలవాటు చెప్పాలె. కాల్చేటప్పుడు ముక్కుకు, మూతికి తెల్ల దస్తి కట్టుకునెటోడు. రంగు దస్తి ముట్టెటోడు గాదు. సాయంత్రం ఇప్పి, వెలుగుకు పట్టి చూసుకునెటోడు. జరీ కాల్చిన దినం బూడిద రంగు మరక ఉండేది, వదినె ఒక్క ఉతుకు ఉతికితే పోయేది. "ఇయ్యాల ఏం మింగిన్నో ఇది చెప్తది తమ్మి" అనెటోడు.

వెండి జరీ కరువైనంక మా పని గూడ కరువైంది. ఇద్దరం అరుగు మీద కూసునే దినాలల్ల ఒక మేనేజరు వచ్చిండు. కంట్రాక్టరు తరఫు మనిషి.

"పెద్దాయన, నీకు వెండి తీసుడు వస్తదట గదా" అన్నడు.

"చీరెలల్ల నుంచి వస్తది" అన్నడు మేస్త్రి.

"కంప్యూటర్లల్ల నుంచి?"

"వాటిని గూడ కట్టుకుంటున్నరా ఇప్పుడు?"

మేనేజరు నవ్వి, సంగతి చెప్పిండు. సర్కారు ఆఫీసులల్ల పాతబడ్డ కంప్యూటర్లు, ప్రింటర్లు అన్ని ఒక జైలుకు పంపుతరట. జైలు షెడ్డు ఇస్తది. లోపలున్నోళ్లు వాటిని ఇప్పి రాగి, ఇనుము, ప్లాస్టికు వేరు చేసుడు నేర్చుకుంటరు. బయటికి వచ్చినంక చేతిల ఒక పని ఉంటదని. నేర్పే మనుషుల్ని, పనిముట్లను, ముక్కు గుడ్డలను కంట్రాక్టరు ఇయ్యాలె. దానికి కాయితంల 'సపోర్టు' అని పేరు. మేమిద్దరం సపోర్టు. "పందిరి కింద గుంజలం తమ్మి మనం" అని మేస్త్రి నవ్వెటోడు. పందిరి కూలినప్పుడు అందరి చూపు గుంజ మీదనే పడుతదని అప్పుడు మాకు తోచలే.

ఏ ఊరి జైలు, ఏ కంట్రాక్టరు అని ఈడ రాస్తలేను. రాస్తే పుస్తకం అచ్చేసే బిడ్డ పరేషాన్ల పడుతది. తెల్వాల్సినోనికి ఇది చదువంగనే తెలుస్తది.

షెడ్డు పొడుగ్గ ఉంటుండె, రేకుల కప్పు. పొగ గుంజే ఫ్యాను ఒకటి గోడకు బిగిచ్చి ఉండె. మొదటి దినం మేస్త్రి దాని వెనుక చెయ్యి పెట్టి చూసిండు. వెనుక గోడ అట్లనే ఉన్నది. బొక్క కొట్టలే. వార్డరును అడిగితే, "జైలు గోడకు బొక్క పెట్టాలంటే పైనుంచి పర్మిషన్ రావాలె తాతా, అది ఇంగ రాలే" అన్నడు. మేమున్న రెండేండ్లు రాలే. ఫ్యాను మాత్రం రోజు తిరిగేది, గోడను సూసుకుంట.

ఇంగ ఆ గోడ మీద ఒక బోర్డు. నీలి రంగుల పెద్ద పెద్ద అచ్చరాలు. 'ఈ ప్రాంగణంలో దహనం పూర్తిగా నిషేధం.' మా ఇద్దరిల చదువొచ్చినోన్ని నేను. మేస్త్రికి సంతకం తప్ప వేరే రాదు. నేను గట్టిగ చదివిన.

"అంటే ఏంది?" అన్నడు.

"ఈడ పీనుగలను కాలవెట్టొద్దని."

మేస్త్రి షెడ్డును ఆ కొస నుంచి ఈ కొస దాక చూసిండు. "జైలు గదా. ఎనుకట ఈడ్నే కాలవెట్టెటోళ్లేమో. మంచిదే, రాసి పెట్టిండ్రు" అన్నడు.

నవ్వకుండ్రి. మా ఇండ్లల్ల దహనం అంటే ఒక్కటే. పొయ్యిల కట్టె దహనం చేస్తమా? బీడీ దహనం చేస్తమా? మనిషి పోతేనే ఆ మాట నోట్లకు వస్తది. మిగిలిందంత కాల్చుడే. కాల్చుడు బంద్ అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఈ పుస్తకం అచ్చెయ్యాల్సిన పనే ఉండకపోవు.

కంప్యూటర్లు అన్ని ఇప్పినంక ఆకుపచ్చ పలకలు మిగులుతయి, కంప్యూటరు బోర్డులు. వాటిని కంట్రాక్టరు బయట కంపెనీకి పంపాల్నట. ఆ సంగతి మాకు అన్ని అయిపోయినంక తెలిసింది. మేనేజరు మాకు చెప్పింది వేరు. "దీంట్ల వెండి ఉన్నది పెద్దాయన, రాగి ఉన్నది. నీకు తెల్సినట్ల తీయి" అన్నడు. మేస్త్రికి తెలిసింది ఒక్కటే పద్ధతి. అది ఆ మేనేజరుకు తెల్వదా? అది చూసే గదా గద్వాల దాక వచ్చిండు. షెడ్డు మూలకు ఇటుకలు పేర్చి, మూకుడు పెట్టి, ఆకుపచ్చ పలకలను జరీ అంచు లెక్క కాల్చుడు షురూ చేసినం. మేనేజరు వచ్చినప్పుడల్ల గుమ్మం కాడ్నే నిలబడెటోడు, ముక్కు మూసుకోని. లోపలికి ఒక్కనాడు రాలే.

ప్రతి నెల ఒకటో తారీఖు ఆఫీసుల ఒక ఫారం. నేను చదివేది, ఇద్దరం సంతకం పెట్టేది. దాంట్ల ఒక గీత ఇట్ల ఉండేది: 'ఈ నెలలో షెడ్డులో ఎటువంటి దహనం జరుగలేదు.'

"పెట్టు పెట్టు. ఈ నెల గూడ ఎవ్వడు పోలే" అని మేస్త్రి సంతోషంగ గీకెటోడు. దేవునికి దండం పెట్టినట్ల పెట్టెటోడు ఆ సంతకం.

లోపలున్నోళ్లను ఆయన ఎవ్వన్ని ఏం కేసని అడగలే. నన్ను అడగనియ్యలే. "కేసును గేటు కాడ ఇడిసి రావాలె. ఈడ అందరు పనోళ్లే" అనెటోడు. ఒకనికి స్క్రూ ఊడదీసుడు రాకపోతే వాని చేతి మీద చెయ్యి పెట్టి తిప్పెటోడు. వాళ్లల్ల నల్లమల దిక్కు చెంచాయన ఒకడుండె. నడి వయసు. మాట తక్కువ. మొదటి వారంలనే మూకుడు కాడికి వచ్చి గాలి పీల్చి, మొఖం పక్కకు తిప్పిండు.

"తాతా, ఈ పొగకు చెట్టు లేదు" అన్నడు.

"అంటే?" అన్నడు మేస్త్రి.

"ఏ పొగైనా నాకు చెట్టు చెప్తది. ఇది టేకు, ఇది తునికి అని. దీనికి చెట్టు లేదు. దీన్ల ఎక్కువసేపు ఉండొద్దు."

నేను వాన్ని ఎక్కిరిచ్చిన. "చెట్టు లేకుంటే పండ్లు దెంపకు, ఇనుము దెంపు" అన్న. వాడు నవ్వలే. మేస్త్రి గూడ నవ్వలే. ఆ మరుసటి దినం ఇంటి నుంచి ఒక కట్ట తెల్ల దస్తీలు తెచ్చి, ఒక్కొక్కనికి ఒక్కొక్కటి ఇచ్చి, ముక్కుకు ఎట్ల కట్టాల్నో చూపిచ్చిండు. కంట్రాక్టరు పంపుతానన్న ముక్కు గుడ్డల పెట్టె తాళం వేసి ఆఫీసులనే ఉండె, తనిఖీ కోసమని.

అటెనుక ఒక్కొక్కటి కనవడుడు షురువైంది. దస్తి మరక నల్లగ కాదు, పసుపు తిరిగిన నలుపు. వదినె సోడేసి ఉడకవెట్టినా పోలే. మేస్త్రి ఛాయల చక్కెర బంద్ చేసిండు. "వెయ్యకు, నా నోట్లనే ఉన్నది" అన్నడు. నేను నమ్మక నా ఛాయల గూడ చక్కెర లేకుంట తాగి చూసిన. తియ్యగనే ఉన్నది. ఇనుము నాకినట్ల తీపి. అన్నం గూడ తీపే, మిరపకాయ తొక్కు గూడ తీపే. లోపలున్నోళ్లు ఒకరి తర్వాత ఒకరు అదే మాట అన్నరు. పొద్దుందాక పది మంది దగ్గు ఒక్కతీరుగ ఇనవడేది, మగ్గం ఆడినట్ల. మేస్త్రి మేనేజరును గుమ్మం కాడ ఆపి, ఫ్యాను వెనుక బొక్క కొట్టియ్యమన్నడు. "పై నెలల చూద్దాం" అన్నడు మేనేజరు.

పై నెలల చెంచాయన దవాఖానకు పోయిండు, ఆడ్నే పాణం పోయింది. మల్ల రాలే. ఏం రోగమని రాసిండ్రో మాకెవ్వరు చెప్పలే. వాని దస్తి షెడ్డుల మొలకు ఏలాడుతుండె. మేస్త్రి దాన్ని తీసి మడత పెట్టి అంగీ జేబుల పెట్టుకున్నడు.

ఒకటో తారీఖు వచ్చింది. ఆఫీసుల ఆ దినం పైనుంచి తనిఖీకి వచ్చిన సారు పక్క కుర్చీల కూసున్నడు. మేనేజరు గుమ్మం కాడ ఉన్నడు. నేను ఫారం చదివి, నా సంతకం పెట్టి మేస్త్రికి ఇచ్చిన. ఆయన కలం తీసుకోలే.

"పెట్టు పెద్దాయన, జల్దీ" అన్నడు గుమాస్తా.

"ఈ నెల పెట్ట. ఒకడు పోయిండు గదా."

"పోతే? దీనికి దానికి ఏం సంబంధం?"

"దహనం జరగలేదని రాసుంది గదా సారు. మా షెడ్డోన్ని కాల్చిండ్రో పూడ్చిండ్రో నాకు తెల్వదు. నువ్వు తెలుసుకోని చెప్పు. పూడిస్తే సంతకం పెడత. కాలిస్తే పెట్ట."

తనిఖీ సారు తల లేపిండు. "దహనం అంటే ఏమనుకుంటున్నవు నువ్వు?"

"పీనుగను కాలవెట్టుడు."

"ఏది కాల్చినా దహనమే. బోర్డులు కాల్చినా, వైర్లు కాల్చినా. ఏమన్న కాలుస్తున్నవా షెడ్డుల?"

"రోజు కాలుస్తున్న సారు. దానికే గదా నన్ను తెచ్చింది" అన్నడు మేస్త్రి.

మేనేజరు ముందటికి వచ్చి, "నేను కాల్చుమనలే సారు, తెల్సినట్ల తీయుమన్న" అన్నడు. అది నిజమే. ఆ మనిషి ఆ మాట ఏనాడు నోటితోని అనలే. ఎందుకు అనలేదో అప్పుడు సమజైంది.

సారు మల్ల మేస్త్రిని అడిగిండు. "దహనం అంటే పీనుగ అని నీకు ఎవడు చెప్పిండు?"

నేను ఆయన పక్కనే ఉన్న, భుజం తాకేటట్ల. చెప్పింది నేను. చదువొచ్చినోన్నని రొమ్ము ఇరుచుకోని చెప్పింది నేను. మేస్త్రి నా దిక్కు చూడను గూడ చూడలే.

"ఎవ్వరు చెప్పలే సారు. నేనే అనుకున్న" అన్నడు.

నేను నోరు ఇప్పలే. నాకు చదువు రాదని నలుగురి ముందట తేలుతదని ఇప్పలే. నాలుగేండ్ల సంది కాయితం మీద కోపం అని చెప్పుకుంట తిరుగుతున్న గని, దాంట్ల సగం నా మీదనే.

కాయితం తయారైంది. షెడ్డుల కాల్చుడు మేస్త్రి సొంత నిర్ణయం. జరగలేదని తెలిసి తెలిసి అబద్ధపు సంతకాలు పెట్టిండు. ఆయన్ను తీసేసినం. ఇంగ అసోంటిది ఏం లేదు. గిదీ ఆ కాయితం మతలబు. నా సంతకం గూడ ప్రతి ఫారం మీద ఉన్నది, నన్ను గూడ తీసేసిండ్రు, కాని నా పేరు ఆ కాయితంల లేదు.

గేటు బయటికి వచ్చినంక నేను ఏడ్చిన. మేస్త్రి నా భుజం మీద చెయ్యేసి, "నీ కాడికి గల్లీ అంత కాయితాలు చదివిచ్చుకునెతందుకు వస్తరు తమ్మి. నీకు చదువు రాదని పేరు పడితే వాళ్లు ఎవని కాడికి పోవాలె? నాకేంది, నేను ఎట్లైనా చదువు రానోన్నే" అన్నడు. జర నడిచినంక మల్ల అన్నడు: "నిజం చెప్పిన దినమే నన్ను అబద్ధమోడన్నరు సూడు."

అటెనుక మేము వనపర్తిల ఒక ఆఫీసుకు, నాగర్‌కర్నూలుల ఒక ఆఫీసుకు పోయినం. ఆయన తన పేరు గురించి ఒక్క మాట అడగలే. ప్రతి టేబులు కాడ ఒక్కటే అడిగెటోడు: "షెడ్డుల కాల్చుడు ఆగిందా సారు?" ఫైలు బంద్ అయ్యింది పెద్దాయన, కాల్చినోన్ని తీసేసినం గదా, అనెటోళ్లు. ఆ కాయితం ఉన్నన్ని దినాలు ఎవ్వడు షెడ్డు లోపలికి తొంగి సూడడు. కాల్చుడు ఒక ముసలోని తప్పు, ముసలోడు పోయిండు, తప్పు పోయింది. గంతే.

పోయిన నెల నేను బస్సుల ఆ జైలు పక్క నుంచి వచ్చిన. పొద్దుగాల. షెడ్డు రేకుల సందుల నుంచి పొగ లేస్తున్నది. వంట పొగ గాదు. కిటికీ మూసినా నా నోట్లకు ఆ తీపి వచ్చింది. వేరే సపోర్టును తెచ్చుకున్నరని ఇన్న. వాళ్లకు ఆ బోర్డు ఎవడు చదివి చెప్తున్నడో తెల్వదు. ఇంటికొచ్చి మేస్త్రికి చెప్పిన. దగ్గుతోని మంచం పట్టిన మనిషి లేచి కూసోని, "ఎంతమంది దగ్గుతున్నరో ఇన్నవా?" అన్నడు. బస్సుల కెళ్లి ఎట్ల ఇనవడుతది అన్న. ఆయన పండుకోని గోడ దిక్కు తిరిగిండు.

ఆదివారం మాపటికి ఆయన్ను కాలవెట్టినం. తుమ్మ కట్టె. మంట లేసినంక నేను దగ్గరికి పోయి పీల్చిన. ఆ పొగకు చెట్టున్నది. శ్మశానం కాడ మనిషి రసీదు పుస్తకం తీసి, పేరు రాసి, కింద 'దహనం' అని రాసి నాకు ఇచ్చిండు. ఇన్నేండ్లకు ఆ మాట దాని జాగల పడ్డది. ఆ రసీదు నా కాడ ఉన్నది.

ఆఫీసులల్ల కూసున్నోళ్లకు ఈ పుస్తకం నేనే తెచ్చి ఇస్త. ఆ కాయితంల మా మేస్త్రి పేరు కొట్టేయుండ్రి. మాటకు తప్పు మతలబు చెప్పినోడు ఫలానా అని నా పేరు రాయుండ్రి. నేను సంతకం పెడత. రాసినంక షెడ్డు తలుపు తీసి లోపలికి పోయి చూడుండ్రి. మూకుడు ఉన్నదా లేదా, ఫ్యాను వెనుక గోడ ఉన్నదా లేదా. నాతోని వాదం వద్దు. నిప్పును అడుగుండ్రి.

నిన్న వదినె మేస్త్రి దస్తీలన్ని మల్లొక్కసారి ఉతికి వాకిట్ల తీగ మీద ఆరేసింది. చెంచాయనది గూడ వాటిల్లనే ఉన్నది. దేని మరక పోలే. ఒక్కొక్క దాని నడుమ ముక్కు, మూతి అచ్చు దిగినట్ల ఉన్నయి. గాలి వచ్చినప్పుడు ఆ నల్ల మూతులు లోపలికి గుంజుకుంటున్నయి, బయటికి ఉబ్బుతున్నయి. వదినె గడప మీద కూసోని వాటినే సూస్తున్నది.

వచ్చే ఒకటో తారీఖు ఆ ఫారం మీద ఎవడో మల్ల సంతకం పెడతడు. ఆ దినం ఆఫీసు తెరిచే యాళ్లకు, ఆ దస్తీల మూట పట్టుకోని నేను గేటు కాడ ఉంట. కాల్చుడు ఆగిందా, ఆగలేదా? వాడు కలం పట్టకముందే నాకు జవాబు కావాలె.